మస్కట్‌లో డబ్బు, బేరం, బంగారం: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు

మీరు నాలుగు సంగతులు అడిగారు. భర్త, అత్తగారితో కలిసి ఆరు రోజులు మస్కట్ వెళ్తున్నారు. డబ్బు ఎంత, ఏ రూపంలో తీసుకెళ్ళాలి? ముత్రా బజారులో బేరం ఆడొచ్చా? బంగారం కొంటే కలిసొస్తుందా? అత్తగారికి గుర్తుగా ఏం కొనిస్తే బాగుంటుంది? నేను 2006 నుంచి పదిహేడేళ్ళు మస్కట్‌లోని రువి ప్రాంతంలో ఒక మనీ ఎక్స్ఛేంజ్ కౌంటర్ వెనక కూర్చున్నాను. మనవాళ్ళు ఇంటికి డబ్బు పంపడం, చూడ్డానికి వచ్చినవాళ్ళు నోట్లు మార్చుకోవడం రోజూ చూసినవాణ్ణి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి అమ్మా.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఒమాన్‌లో మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను నేను చాలా తక్కువమందినే చూశాను. అంకె చిన్నగా కనబడి చెయ్యి జారినవాళ్ళను మాత్రం వందలమందిని చూశాను. ఒక ఒమానీ రియాల్ అంటే సుమారు 2.60 డాలర్లు. 1986 నుంచి ఈ లెక్క మారలేదు. మన డబ్బుల్లో ఇప్పుడు రెండువందల ఇరవై రూపాయల పైమాటే. బజారులో ఒక శాలువా ‘ఎనిమిది’ అంటే మన చెవికి ఎనిమిది రూపాయల్లాగే వినిపిస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఊళ్ళో అమ్మకీ అక్కలకీ అని మూడు శాలువాలు తీసుకున్నాను. ఒక్కోటి ఎనిమిది రియాళ్ళు. బేరం కూడా ఆడలేదు, ఎనిమిదేగా అనిపించింది. రాత్రి గదిలో కూర్చుని లెక్క వేస్తే ఇరవై నాలుగు రియాళ్ళు. అప్పుడు నా జీతం నూటఎనభై. నాలుగు రోజుల కష్టం ఒక్క గంటలో అయిపోయింది. ఆ శాలువాలు మన దేశంలో తయారై అక్కడికి వచ్చినవే అని తర్వాత తెలిసింది.

కాబట్టి ఒక లెక్క అలవాటు చేసుకోండి. చెప్పిన ధరకు రెండు సున్నాలు చేర్చండి, దాన్ని రెట్టింపు చేయండి, దానిమీద పదోవంతు కలపండి. ఇరవై రియాళ్ళంటే రెండు వేలు, రెట్టింపు నాలుగు వేలు, పదోవంతుతో నాలుగు వేల నాలుగు వందలు. మీరు వెళ్ళేరోజు రేటు ఇంకా ఎక్కువుంటే కొంచెం పైకి జరపండి. ప్రతి టీకీ ఈ లెక్క వేస్తూ కూర్చుంటే ప్రయాణంలో సుఖం ఉండదు. రెండు రియాళ్ళు దాటిన ప్రతిదానికీ వేస్తే చాలు.

ఇక రెండో చిక్కు మూడు అంకెల చిల్లర. మనకు రూపాయికి వంద పైసలు. అక్కడ రియాల్‌కి వెయ్యి బైసాలు. బిల్లు మీద 12.500 అని ఉంటే పన్నెండున్నర రియాళ్ళు. మనవాళ్ళు కామాకూ చుక్కకూ తేడా గమనించక దాన్ని పన్నెండు వేల ఐదు వందలుగా చదివి గుండె పట్టుకోవడం చూశాను. అంతకంటే ప్రమాదం దీనికి తిరగేసింది: 1.250 ని ఒక రియాల్ పాతిక పైసలనుకుని ఒక నోటూ కొంచెం చిల్లరా పెట్టి, ‘ఇంకా ఇవ్వాలి’ అంటే దుకాణదారు మీద కోపం తెచ్చుకోవడం. అక్కడ టాక్సీవాడు ‘ఐదు వందలు’ అంటే ఐదువందల బైసాలు, అంటే అర రియాల్. ‘రెండూ ఐదొందలు’ అంటే రెండున్నర. కార్డు గీకేటప్పుడు మెషీన్ మీద చుక్క ఎక్కడుందో చూసి ఆ తర్వాతే పిన్ కొట్టండి.

బైసా అన్న మాట మన పైసాయే. అరబ్బీలో ‘ప’ అక్షరం లేదు, అందుకని అది ‘బ’ అయింది. ఒకప్పుడు గల్ఫ్ తీరమంతా మన రూపాయే చెల్లేది. రూపాయలిచ్చి బంగారం దొంగరవాణా సాగుతోందని 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతం కోసం విడిగా వేరే రంగు నోట్లు అచ్చువేసింది. వాటిని గల్ఫ్ రూపాయలనేవారు. 1961లో కువైట్ తన దీనార్ తెచ్చుకుంది. 1966లో మన రూపాయి విలువ తగ్గించాక మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వదిలేశారు. ఒమాన్‌లో సొంత రియాల్ వచ్చింది 1970లో. నేను కొత్తగా వెళ్ళినప్పుడు ముత్రాలో ఒక ముసలి ఒమానీ వ్యాపారి రియాల్‌ని ఇంకా ‘రూపియా’ అని పిలుస్తుంటే విని ఎంత సంతోషపడ్డానో. చిల్లరని కూడా అక్కడ ‘ఖుర్దా’ అంటారు. హైదరాబాదు పాతబస్తీలో పెరిగినవాళ్ళకు ఆ మాట ఇంటిమాటే.

అంకెల గురించి ఇంకొక్కటి, ఇది తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. చిన్న దుకాణాల్లో, ఖర్జూరం తట్టల మీద ధర చీటీలు అరబ్బీ అంకెల్లో ఉంటాయి. అక్కడ గుండ్రటి సున్న కనిపిస్తే అది సున్న కాదు, ఐదు. వాళ్ళ సున్న ఒక చుక్క. మనకు ఏడులాగా కనిపించేది వాళ్ళ ఆరు. కొండను తిరగేసినట్టు లోయలాగా ఉండేది ఏడు, కొండలాగా ఉండేది ఎనిమిది. అంకెల వరస మాత్రం మనలాగే ఎడమనుంచి కుడికి. ఈ ఐదు గుర్తుపెట్టుకుంటే సగం చీటీలు చదివేయొచ్చు. నోట్ల మీద ఒకవైపు అరబ్బీ, రెండోవైపు ఇంగ్లీషు అంకెలుంటాయి గనక భయం లేదు. నోట్లు వంద బైసాలు, అర రియాల్, ఒకటి, ఐదు, పది, ఇరవై, యాభై. ఐదుకీ యాభైకీ మధ్య పొరపాటు పడితే పది వేల రూపాయలు పోతుంది. అందుకని యాభైలు, ఇరవైలు పర్సులో వేరే అరలో ఉంచండి. అసలు యాభై నోటు తీసుకోకపోతే ఇంకా మంచిది. చిన్న దుకాణంలో దానికి చిల్లర దొరకదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మనవాళ్ళ ఇళ్ళల్లో బీరువా అడుగున పాత రియాల్ నోట్లు ఉంటాయి. గల్ఫ్ నుంచి వచ్చిన మేనమామో బాబాయో ఇచ్చినవి. వెళ్ళేటప్పుడు ‘ఖర్చులకు ఉంచుకోండి’ అని చేతిలో పెడతారు. 2020కి ముందు వచ్చిన పాత వరస నోట్లను ఒమాన్ కేంద్ర బ్యాంకు చెలామణీ నుంచి తీసేసింది. 2024 డిసెంబరు ఆఖరు వరకు మార్చుకోవడానికి గడువిచ్చారు, అదీ అయిపోయింది. ఎవరైనా ఇస్తే నోటు మీద సంవత్సరం చూసుకోండి. పాతదైతే జ్ఞాపకంగా దాచుకోండి, ఖర్చులకు దాన్ని నమ్ముకోకండి.

ఎంత తీసుకెళ్ళాలన్నారు కదా. హోటల్ డబ్బు ముందే కట్టేశారంటున్నారు. అయినా బుకింగ్ కాగితంలో టూరిజం పన్ను, మునిసిపల్ పన్ను, సర్వీసు చార్జీ కలిసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఖాళీ చేసేరోజు బిల్లు బరువెక్కుతుంది. అది పోగా ముగ్గురికి ఆరు రోజులకు డెబ్భై ఎనభై రియాళ్ళ నగదు చాలు: టాక్సీలు, టీలు, చిన్న హోటళ్ళు, బజారు. మిగతాదంతా కార్డు మీద నడుస్తుంది. పెద్ద సూపర్‌మార్కెట్లు, మాల్స్, పెట్రోలు బంకులు, హోటళ్ళు అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు.

నగదుని ఇక్కడినుంచి రియాళ్ళుగా తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. మన ఊళ్ళల్లో రియాల్ తక్కువగా దొరుకుతుంది, దొరికినచోట కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా చాలా ఎక్కువ వేస్తారు. మడతలు, మరకలు లేని డాలర్ నోట్లు తీసుకెళ్ళి రువిలో మార్చుకోండి. రియాల్ డాలర్‌తో కట్టేసి ఉంది కాబట్టి అక్కడ డాలర్‌కి పెద్దగా కోత ఉండదు. ఒక్క ప్రయాణానికి మూడు వేల డాలర్ల వరకు నోట్ల రూపంలో తీసుకెళ్ళనిస్తారు, మీకు అందులో పదోవంతు కూడా అవసరం పడదు. మన రూపాయలు పాతిక వేల వరకు వెంట ఉండొచ్చు, కానీ వాటిని అక్కడ మార్చకండి, నష్టం ఎక్కువ. తిరిగొచ్చాక ఇక్కడి ఆటో ఖర్చులకు ఉంచుకోండి.

ఎక్స్ఛేంజ్ దుకాణంలో గోడ మీద పెద్ద బోర్డు మెరుస్తూ ఉంటుంది. మన జెండా పక్కన పెద్ద అక్షరాల్లో ఉండే రేటు ఇంటికి డబ్బు పంపేవాళ్ళ కోసం. అది నోట్లు మార్చుకునే రేటు కాదు. నోట్లకు పక్కనే వేరే గడులుంటాయి, ‘కొనేది’, ‘అమ్మేది’ అని. ఈ రెంటినీ కలిపి చూసుకుని ‘బోర్డు మీద ఒకటుంది, నాకొకటి ఇచ్చారు’ అని కౌంటర్ దగ్గర తగవుపడ్డ మనవాళ్ళెందరో. తప్పు వాళ్ళదీ కాదు, చెప్పేవాళ్ళు లేకపోవడమే. మీరు ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ మూడు వందల డాలర్లకు నా చేతికి ఎన్ని రియాళ్ళొస్తాయి?’ కమిషన్ అంతా పోగా వచ్చే ఆ ఒక్క అంకెనే పక్క దుకాణంతో పోల్చండి. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. ఎయిర్‌పోర్టులో టాక్సీకి సరిపడా మాత్రమే మార్చండి. శుక్రవారం పొద్దున చాలా దుకాణాలు మూసే ఉంటాయి. అక్కడ వారాంతం శుక్ర, శని వారాలు.

కార్డు సంగతి. మన బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం 2020 నుంచి మామూలుగా ఆపేసే ఉంటుంది. బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో తెరిచి, రోజుకి ఒక హద్దు పెట్టుకోండి. ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ ఉండాలి, అది మరిచిపోయి హోటల్ లాబీలో ఇబ్బందిపడ్డ కుటుంబాలను చూశాను. రెండు కార్డులుంటే ఒకటి మీ దగ్గర, ఒకటి మీవారి దగ్గర. ఇక అసలు విషయం: మెషీన్‌లోనో ఏటీఎంలోనో ‘రూపాయల్లో కట్టాలా, రియాళ్ళల్లో కట్టాలా’ అని అడుగుతుంది. రూపాయలు కనబడగానే మనకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అది నొక్కకండి. ఆ రూపాయి రేటు మెషీన్ వాళ్ళు తమ లాభం కలిపి వేసుకునేది. ఎప్పుడూ రియాళ్ళే ఎంచుకోండి. కౌంటర్లో అబ్బాయి మిమ్మల్ని అడక్కుండా నొక్కబోతే ‘రియాల్, రియాల్’ అనండి, అర్థం చేసుకుంటాడు.

ఇప్పుడు ముత్రా. సముద్రం ఒడ్డున కార్నిష్ అనే తీరపు రోడ్డు దాటగానే బజారు మొదలవుతుంది. పైకప్పు వేసిన సన్నని సందులు, లుబాన్ అనే సుగంధపు జిగురు పొగ, అత్తరు, వెండి, ఖంజర్లనే వంపు కత్తులు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు, నాలుగున్నర దాకా మూసేస్తారు. రాత్రి తొమ్మిది, పది వరకు తిరిగి తెరిచి ఉంటుంది. ఎదురుగానే ఓడరేవు. శీతాకాలంలో వేలమంది యూరప్ యాత్రికులతో పెద్ద ఓడలు వచ్చి ఆగుతాయి. ఓడ ఆగిన పొద్దున బజారుకి వెళ్ళొద్దు. ఆరోజు మొదటి ధరే ఆకాశంలో ఉంటుంది, బేరానికి ఎవరికీ తీరిక ఉండదు. సాయంత్రం పూట, ముఖ్యంగా గురువారం రాత్రి, ఒమానీ కుటుంబాలే కొనుక్కోవడానికి వస్తాయి. వాళ్ళు ఏ దుకాణంలో నిలబడుతున్నారో చూడండి. నాకు తెలిసిన మంచి దుకాణాలన్నీ అలా దొరికినవే.

బేరం తప్పకుండా ఆడొచ్చు, కానీ అన్నిటికీ కాదు. సూపర్‌మార్కెట్లో, మాల్‌లో, హల్వా దుకాణంలో, ధర చీటీ అంటించినచోట అడగకూడదు. శాలువాలు, వెండి, గుర్తుగా కొనే వస్తువులు, అత్తరు వీటికి అడగాలి. వెళ్ళగానే ధర అడగకండి. ‘సలాం అలైకుం’ అని, వస్తువు చేత్తో పట్టుకుని చూసి, పక్కన పెట్టి, ఇంకోటి చూసి, అప్పుడు ‘బికం హాదా?’ అనండి, ఇదెంత అని. చెప్పాక ‘గాలీ’ అంటే ఖరీదెక్కువ అని. చాలా దుకాణాల్లో మలయాళీలో, గుజరాతీలో, బంగ్లాదేశీలో ఉంటారు కాబట్టి హిందీతో పని జరిగిపోతుంది. మొదటి ధరలో మూడోవంతు తగ్గితే మంచి బేరమే. మన కోఠీలో, బీసెంట్ రోడ్డులో ఆడినట్టు సగానికి సగం అడిగి వెళ్ళిపోతున్నట్టు నడవడం అక్కడ అంత పనిచేయదు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను: మీరు చెప్పిన ధరకు అతను సరే అన్నాక కొనకుండా వెళ్ళిపోకూడదు. ఒమానీ వ్యాపారి దాన్ని మాట తప్పడంగా తీసుకుంటాడు, నిజంగా బాధపడతాడు. కొనే ఉద్దేశం లేకపోతే అంకె నోట రానివ్వకండి. ఖహ్వా (అరబ్బీ కాఫీ), ఖర్జూరం ఇస్తే తీసుకోండి, దానివల్ల మీ మీద ఏ బాధ్యతా పడదు. డబ్బు కుడిచేత్తో ఇవ్వడం మనకు ఎలాగూ చిన్నప్పటినుంచి నేర్పిన అలవాటే.

టాక్సీకి కూడా ఇదే పద్ధతి. తెలుపు, నారింజ రంగు టాక్సీ ఎక్కేముందే ధర తేల్చుకోండి. ‘ఎంగేజ్’ అంటే బండి మీ ఒక్కరికే, లేకపోతే దారిలో ఇంకొకర్ని ఎక్కించుకుంటారు. అత్తగారు వెంట ఉన్నారు కాబట్టి యాప్ టాక్సీలే తేలిక.

అత్తగారికి ఏం కొనాలన్నారు. శాలువా వద్దే వద్దు, కారణం పైన చెప్పాను. లుబాన్ కొనండి. దక్షిణాన ధోఫార్ కొండల్లో చెట్టు బెరడుని గీస్తే కారే జిగురు అది. మన అడవుల్లోని అందుగు చెట్టుకి దగ్గరి బంధువు. అన్నిటికంటే మేలురకాన్ని హోజరీ అంటారు: లేత ఆకుపచ్చ ఛాయ, వెలుతురుకి పట్టి చూస్తే లోపలికి కనబడుతుంది. ఎర్రగా, బెరడు ముక్కలతో ఉన్నది తక్కువ రకం. మూట కట్టి పెట్టినదాన్ని తీసుకోకుండా గాజు సీసాలోంచి చేత్తో ఏరించుకోండి, ఒక పలుకు నిప్పు మీద వేయించి వాసన చూడండి. పావుకిలో తెస్తే మీ ఇంట్లో శుక్రవారం సాంబ్రాణి బదులు ఏడాదంతా వేసుకోవచ్చు. ఒమానీ హల్వా కూడా తీసుకోండి. నెయ్యి, కుంకుమపువ్వు, పన్నీరు (గులాబీ నీరు) వేసి గంటల తరబడి కలియబెట్టి చేస్తారు. ఫ్రిజ్ లేకుండా నిలవ ఉంటుంది. జబల్ అఖ్దర్ కొండల్లో చేసే పన్నీరు సీసా, హల్వా డబ్బా చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతిసంచిలో పెడితే తీసేయమంటారు. ఖంజర్ కొన్నా అంతే.

వెండి మీద ఆశ ఉంటే నిజ్వా ఊరికి వెళ్ళినప్పుడు చూడండి. పాత నగలకు గుత్తులుగా వేలాడే పెద్ద వెండి నాణేలుంటాయి, మరియా థెరిసా థేలర్లంటారు. ఒమాన్‌లో పూర్వం వాటిని కరిగించే నగలు చేసేవాళ్ళు. ఆ నాణేల మీద 1780 అని ఉంటుంది. అది చూసి రెండువందల ఏళ్ళ పాతదని అనుకోకండి. ఏ ఏడు అచ్చువేసినా వాటి మీద 1780 అనే వేస్తారు, ఇప్పటికీ వేస్తున్నారు. నాణెం సుమారు 28 గ్రాములు, అందులో వెండి 83 శాతం. బరువు తూయించి, వెండి ధరకు మించి పనితనానికి ఎంత ఇస్తున్నారో లెక్క చూసుకోండి.

బంగారం గురించి సూటిగా చెప్తాను: ఆరు రోజుల యాత్రకు వెళ్ళి బంగారం కొనొద్దు. 2021 ఏప్రిల్ నుంచి అక్కడ నగల మీద ఐదు శాతం వ్యాట్ ఉంది, పైన గ్రాముకి ఇంత అని కూలి. ఇక్కడ కస్టమ్స్‌లో మగవాళ్ళకు ఇరవై గ్రాములు, ఆడవాళ్ళకు నలభై గ్రాముల నగలు పన్ను లేకుండా తెచ్చుకోవచ్చని అందరూ చెప్తారు, కానీ అది ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్ళకే. తక్కువ సుంకంతో బంగారం తెచ్చుకునే వీలు కూడా ఆరు నెలలు అక్కడ ఉన్నవాళ్ళకే. యాత్రికులకు ఈ రెండూ వర్తించవు. 2024 జులై బడ్జెట్‌లో మన దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించాక అక్కడికీ ఇక్కడికీ ధరల్లో తేడా కూడా అప్పట్లో ఉన్నంత లేకుండాపోయింది. మెళ్ళో వేసుకుని వచ్చేస్తే ఎవరడుగుతారనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. శంషాబాదులో ఆపి అడిగితే పెద్దావిడ ముందు మీరు పడే అవమానం ఏ నగకీ సమానం కాదు. మీరు ఇక్కడినుంచి వేసుకెళ్ళే నగల ఫొటోలు, బిల్లులు ఫోన్‌లో పెట్టుకోండి, ఎక్కువ నగలైతే వెళ్ళేటప్పుడే కస్టమ్స్ దగ్గర రాయించుకుని కాగితం తీసుకోండి.

ఆఖరి రోజు మిగిలిన రియాల్ నోట్లను మస్కట్‌లోనే డాలర్లుగా మార్చుకోండి, ఇక్కడ మంచి ధర రాదు. నాణేలను ఏ ఎక్స్ఛేంజ్ తీసుకోదు. ఐదు, పది, పాతిక, యాభై బైసాలన్నీ ఒక చిన్న సంచిలో వేసుకుని బయల్దేరే పొద్దున హోటల్ పక్క కాఫీ షాపులో ముగ్గురూ కరక్ చాయ్ తాగి ఇచ్చేయండి. చిల్లర చూసి విసుక్కోరు, ‘ఖుర్దా’ వచ్చిందని సంతోషిస్తారు.